పిల్లలకు అడవిని మూసేయకండి, దారి చూపించండి

సంపాదకుల వారికి నమస్కారం.

తలకోన జలపాతం దగ్గరో, గుంజన జలపాతం దగ్గరో మడుగులో మునిగి విద్యార్థి చనిపోయాడనీ, అడవిలో దారి తప్పిన పిల్లల కోసం రాత్రంతా గాలించారనీ మీ జిల్లా పేజీలో వార్తలు చూస్తూనే ఉన్నాం. వార్త వచ్చిన మర్నాడు గేటుకు ఇంకో తాళం పడుతుంది. 'ప్రవేశం నిషేధం' అని ఇంకో బోర్డు లేస్తుంది. అడవుల వైపు వెళ్తే సస్పెండ్ చేస్తామని కాలేజీ నోటీసు బోర్డులో ఒక కాగితం అతికిస్తారు. పదిహేను రోజులు గడిచాక, ఆదివారం పొద్దున్నే, అదే గేటు పక్క ముళ్లకంచె సందులోంచి పిల్లలు మళ్లీ దూరి వెళ్తుంటారు. నేను తిరుపతి పక్కనున్న శేషాచలం కొండల్లో అటవీ శాఖ బీట్ ఆఫీసరుగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. ఆ కంచె సందులు నాకు తెలుసు, ఆ పిల్లలూ తెలుసు. వాళ్లను ఆపలేం, ఆపాల్సిన పని కూడా లేదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తిరుపతి ఎలాంటి ఊరో ఒకసారి చూడండి. 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టారు. 1961లో సంస్కృత విద్యాపీఠం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, తర్వాత వెటర్నరీ విశ్వవిద్యాలయం, 2015లో ఏర్పేడు వైపు ఐఐటీ, సైన్సు చదువుల సంస్థ ఐసర్ వచ్చాయి. ఇంజినీరింగ్ కాలేజీల సంగతి చెప్పక్కర్లేదు. చాలా హాస్టళ్లలో కిటికీ తీస్తే ఎదురుగా కొండే. ఆ కొండ మీద 1989లో ప్రకటించిన జాతీయ పార్కు ఉంది. దాన్ని కలుపుకొని 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ రిజర్వు 4,700 చదరపు కిలోమీటర్లు దాటింది. ఎర్రచందనం, పేరిత (సైకస్ జాతి మొక్క), కొండ సాంబ్రాణి లాంటి చెట్లు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తమ్మీద ఈ చుట్టుపక్కల కొండల్లోనే. ఇంతటి అడవిని రోజూ కిటికీలోంచి చూస్తూ మూడేళ్లు, నాలుగేళ్లు చదివి, ఒక్కసారైనా లోపలికి పోకుండానే పట్టా పుచ్చుకుని వెళ్లిపోవాలని పిల్లలకు చెబుతున్నాం.

వచ్చే పిల్లలంతా తాగడానికీ, రీల్స్ తీయడానికీ వస్తారని మా అటవీ శాఖ వాళ్లే అంటుంటారు. అలాంటి వాళ్లు ఉన్నారు, కాదనను. సీసాలు పగలగొట్టి పోయిన చోట గాజు ముక్కలు ఏరిన చేతులివి. కానీ అందరూ వాళ్లే కాదు. మదనపల్లె వైపు నుంచి, రాయచోటి నుంచి, పుంగనూరు పల్లెల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు చాలామంది. చిన్నప్పుడు గొర్రెల వెంబడి గుట్టలెక్కిన వాళ్లు. ఆదివారం వాళ్ల జేబులో పెట్రోలుకు సరిపోయే డబ్బులే ఉంటాయి. మాల్‌కు పోయి ఏం చేస్తారు? నలుగురు కలిసి బండ మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని, సాయంత్రం దాకా నీళ్ల చప్పుడు వింటూ కబుర్లు చెప్పుకుని పోతారు. పరీక్ష పోయిందని ఒకడు, ఇంట్లో అప్పులని ఒకడు, ఎవరికీ చెప్పుకోలేని మాటలు అక్కడ చెప్పుకుంటారు. అడవిలో కాపలాకు మా శాఖ పెట్టిన బేస్ క్యాంపులో ఉన్నప్పుడు ఆ మాటలు నా చెవిన పడ్డాయి. ఆ వయసు పిల్లలకు అలాంటి చోటు ఒకటి ఉండాలి.

నిషేధం పెడితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. పిల్లలు రావడం మానరు, దాక్కుని వస్తారు. మా వాళ్ల కంట పడకూడదని మంచి బాట వదిలి, పశువుల దారి పట్టి, వంకల్లో దిగి పోతారు. వార్డెన్‌కు చెప్పరు. ఇంట్లో చెప్పరు. లోపల ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. ఎవరికైనా కాలు విరిగితే కబురు బయటికి రావడానికే చీకటి పడుతుంది. ఎంతమంది వెళ్లారు, ఏ వైపు వెళ్లారు, ఎన్నింటికి వెళ్లారు అన్న మూడు ముక్కలు గేటు దగ్గర పుస్తకంలో రాసి ఉంటే వెతికే వాళ్లకు సగం పని తప్పుతుంది. నిషేధం ఉన్నచోట ఆ పుస్తకం పెట్టలేం కదా!

దీనికి ఎర్రచందనం దొంగరవాణా గొడవ కూడా తోడైంది. 2015 ఏప్రిల్‌లో ఇరవై మంది కూలీలు కాల్పుల్లో చనిపోయిన అడవి ఇది. చీకటి పడ్డాక లోపల కొత్త మొహం కనిపిస్తే సిబ్బందికి మొదట వచ్చేది దొంగలన్న అనుమానమే. భుజాన బ్యాగు, చేతిలో టార్చి ఉన్న విద్యార్థి దూరం నుంచి ఎలా కనిపిస్తాడో ఆలోచించండి. ఆ పిల్లాడు పగటిపూట, అందరికీ తెలిసి, తెలిసిన దారిలో వెళ్తే ఆ ప్రమాదం ఉండదు.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను. మామండూరు వైపు వాగు పక్కన నలుగురు కుర్రాళ్లు మా కంట పడ్డారు. క్యాంపుకు తీసుకొచ్చి పేర్లు రాసుకుంటున్నాం. వెనక బండ సందులోంచి 'ట్ట ట్ట ట్ట' అని పెద్దగా అరుపు వచ్చింది. అంతసేపూ తల దించుకుని నిలబడిన కుర్రాడొకడు, 'ఆ అరుపేంది సార్, కప్పా?' అని అడిగాడు. మా దగ్గర ఒక యానాది పెద్దాయన ప్రొటెక్షన్ వాచరుగా ఉండేవాడు. టార్చి తీసుకుని, 'రా నాయనా, చూద్దువు' అని బండ కిందికి తీసుకుపోయాడు. చూరులా ముందుకొచ్చిన రాయి అడుగున అరచేతి పొడుగు బల్లి, గొంతంతా పసుపు. దాని పక్కనే బండకు అతుక్కుని తెల్లటి గుడ్లు, ఒకదాని పక్కన ఒకటి. ఎప్పుడో పిల్లలు లేచిపోయిన పాత గుడ్ల మచ్చలు వాటి చుట్టూ గుండ్రంగా మిగిలి ఉన్నాయి. 'ఒకే తావున చాలా తల్లులు పెడతాయి. రాయి చల్లగా ఉండాల, పక్కన నీళ్లుండాల. లైటు ఎక్కువసేపు ఎయ్యగూడదు' అని చెప్పి టార్చి ఆర్పేశాడు పెద్దాయన. అది బంగారు బల్లి. 1870లో బెడ్డోమ్ అనే ఇంగ్లీషు అధికారి ఈ తిరుపతి కొండల్లోనే దాన్ని చూసి ప్రపంచానికి తెలియజేశాడు. ఆ కుర్రాడు ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. తన కాలేజీకి ఇంత దగ్గర్లో ఇలాంటి ప్రాణి ఉందని ఎవరూ చెప్పలేదన్నాడు.

పది రోజుల తర్వాత వాడే తెల్ల కాగితం మీద అర్జీ రాసుకుని వచ్చాడు. 'మేము నలుగురం నెలకొక ఆదివారం వచ్చి చూసి పోతాం, మీరు చెప్పిన దారిలోనే నడుస్తాం, అనుమతి ఇప్పించండి' అని. దొంగతనంగా దూరిన పిల్లాడు చేతులు కట్టుకుని అడగడానికి వచ్చాడు. ఆ అర్జీకి ఏ కాగితం ఇవ్వాలో, ఎవరు ఇవ్వాలో ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. కుర్రాడు రెండుసార్లు తిరిగి మానేశాడు.

నిజానికి చట్టం అడ్డం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ చూడండి. వన్యప్రాణుల పరిశీలనకూ అధ్యయనానికీ, ఫొటోగ్రఫీకీ, శాస్త్ర పరిశోధనకూ, పర్యాటకానికీ అభయారణ్యంలోకి అనుమతి ఇవ్వవచ్చని అందులో ఉంది. జాతీయ పార్కుకూ అదే వర్తిస్తుంది. పీహెచ్‌డీ చేసేవాళ్లు పైఅధికారుల నుంచి కాగితం తెచ్చుకుంటారు. తలకోనకు వచ్చే యాత్రికుడు టికెట్ కొంటాడు. ఈ రెండింటి మధ్యలో, పరిశోధనా కాకుండా, విహారయాత్రా కాకుండా, సెలవు రోజున ఊరికే అడవిలో నడిచి నాలుగు సంగతులు తెలుసుకుందామనుకునే విద్యార్థి ఉన్నాడు. వాడికి ఏ వాకిలీ లేదు. నేనడిగేది ఆ ఒక్క వాకిలి.

అంతమందిని లోపలికి ఎలా పంపుతాం, ఎవరు చూసుకుంటారు అని అడుగుతారు. ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల కొండల్లో తుంబురు తీర్థ ముక్కోటి జరుగుతుంది కదా. పాపవినాశనం నుంచి రాళ్ల దారిలో వేల మంది నడిచి పోతారు. దేవస్థానం అన్నం పొట్లాలు, మంచినీళ్లు ఇస్తుంది. అంబులెన్సులు సిద్ధంగా పెడతారు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లను ముందే రావద్దంటారు. పోలీసులు, మా వాళ్లు దారి పొడుగునా నిలబడతారు. నేనూ ఆ డ్యూటీ చేశాను. ముసలమ్మలు చెప్పుల్లేకుండా నడిచి తీర్థంలో స్నానం చేసి తిరిగొచ్చారు. అన్ని వేల మందిని దాటించగలిగిన వాళ్లం, ఆదివారం పూట ఇరవై మంది పిల్లల్ని ఇద్దరు వాచర్ల వెంట పంపలేమా?

ఆడపిల్లల విషయం వేరేగా చెప్పాలి. దీని గురించి ఎవరూ మాట్లాడరు. మగపిల్లలు అడగరు, కంచె దూకుతారు. ఆడపిల్లలు అడుగుతారు. వార్డెన్‌ను, హెచ్‌ఓడీని, ఇంట్లో నాన్నను అడుగుతారు, అడిగినచోటల్లా వద్దనే అంటారు. అంటే మన నిషేధం నిజంగా ఆపుతున్నది పద్ధతిగా అడిగేవాళ్లనే. ఒకసారి ఎమ్మెస్సీ బోటనీ అమ్మాయిలు టీచరమ్మతో కలిసి పద్ధతి ప్రకారం వచ్చారు. అంతకు ముందు వేసవిలో నిప్పు పడిన ఏటవాలు అది. మాడి నల్లబడిన పేరిత మొదళ్ల నడినెత్తిన లేత ఆకులు చుట్ట విప్పుకుంటూ లేస్తున్నాయి. ఒక అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, చిటికెన వేలితో ఆ చుట్టను తాకీ తాకకుండా తాకి, 'పుస్తకంలో బొమ్మ గీసి పది మార్కులు తెచ్చుకున్నా సార్, ఇప్పుడే చూస్తున్నా' అంది. డిగ్రీ నుంచి ఐదేళ్లు బోటనీ చదివిన పిల్ల. పేరిత దాకా రావడానికి వాళ్ల హాస్టల్ నుంచి గంట ప్రయాణం కూడా లేదు.

చదువులో దీనికి చోటు లేదా అంటే అదీ ఉంది. డిగ్రీ పిల్లలందరికీ పర్యావరణ అధ్యయనం తప్పనిసరి చేసినప్పుడు యూజీసీ తయారు చేసిన పాఠ్య ప్రణాళిక చివరి యూనిట్ పూర్తిగా క్షేత్ర పనే. దగ్గర్లోని నది, అడవి, గడ్డి మైదానం, కొండ, ఏదో ఒకటి వెళ్లి చూసి నమోదు చేయాలి, మొక్కల్నీ పురుగుల్నీ పక్షుల్నీ గమనించాలి, దానికి 5 గంటలు కేటాయించాలి అని రాశారు. ఆ యూనిట్ మన దగ్గర జిరాక్సు సెంటర్లలో పూర్తవుతోంది. పోయిన ఏడాది రికార్డు తెచ్చి పేరు మార్చి ఇస్తున్నారు. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, వారం రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది. ఆ గంటల్లో కొన్ని అడవికి ఇప్పించండి.

ఏం పని అంటారేమో, పని చాలా ఉంది. బోద గడ్డి ఎండాక ఈ అడవికి నిప్పు భయం. 2014 మార్చిలో తిరుమల కొండలు కాలినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు తెచ్చి నీళ్లు చల్లాల్సి వచ్చింది. మంట దగ్గరికి పిల్లల్ని పంపమని చస్తే చెప్పను. అది శిక్షణ ఉన్నవాళ్ల పని. కానీ జనవరిలో, మంట పాకకుండా ఖాళీగా ఉంచే ఫైర్ లైన్ల మీద ఆకు ఊడ్చి, గడ్డి తీసే పని ఉంటుంది. యాభై మంది పిల్లలు ఒక పూట చేస్తే మా వాచర్లకు ఎన్నో రోజుల పని కలిసి వస్తుంది. ముక్కోటి తర్వాత దారి పొడుగునా ప్లాస్టిక్ ఏరాలి. ఫిబ్రవరిలో దేశమంతా కాలేజీ ఆవరణల్లో పక్షుల లెక్క జరుగుతుంది, ఇక్కడి కాలేజీలన్నీ కలవొచ్చు. ఎర్రచందనం ఆకు ఎప్పుడు రాలుస్తోంది, పూత ఎప్పుడొస్తోంది అని ఏటా అవే చెట్ల దగ్గర రాసి పెడితే, పదేళ్లకు అది శాస్త్రవేత్తలు అడిగి తీసుకునే లెక్క అవుతుంది.

అయితే ప్రతి ఆదివారాన్నీ ప్రాజెక్టు చేసి పిల్లల ప్రాణం తీయకండి. ఊరికే కూర్చుంటామంటే కూర్చోనివ్వండి.

వాళ్ల వెంట ఎవరు పోవాలన్నదే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. యానాది కుటుంబాల్లో అడవి అణువణువూ తెలిసిన మనుషులు ఉన్నారు. ఎర్రచందనం రెమ్మకు ఎక్కువగా మూడాకులు, వేగిసకు ఐదో ఏడో అని, బెరడు చూడకుండానే చెట్టు చెప్పేస్తారు. ఏ బండకు పెద్ద తేనెపట్టు వేలాడుతోందో, ఏ మలుపులో ఏనుగులు నిన్న రాత్రి దాటాయో వాళ్లకు తెలుసు. తలకోనలో నెరబైలు ఊరివాళ్ల వన సంరక్షణ సమితి యాత్రికుల పనులు చూసుకుంటోంది, ఊరికి ఆదాయమూ వస్తోంది. అదే పద్ధతిలో విద్యార్థి బృందానికి ఇంత అని నిర్ణయించి, ఆ డబ్బు విశ్వవిద్యాలయం నుంచి నేరుగా ఆ గైడు చేతికి అందేలా చేయాలి. పిల్లల దగ్గర వసూలు చేస్తే మళ్లీ కంచె సందే గతి.

మడుగుల విషయంలో నేను కఠినంగానే ఉంటాను. పైనుంచి దూకడం ఎక్కడా కుదరదు. నీళ్ల కింద బండ అంచులు కనపడవు, నడి వేసవిలో కూడా అడుగున నీరు వణికించేంత చల్లగా ఉంటుంది, ఈత వచ్చినవాడికీ కాళ్లు పట్టేస్తాయి. వానాకాలంలో ఇంకో ప్రమాదం. కింద ఎండ కాస్తుంటుంది, పైన కొండ మీద కురుస్తుంది. తేటగా ఉన్న నీరు మసకబారుతుంది, ఎండుటాకులు, పుల్లలు తేలుతూ వస్తాయి, వాగు చప్పుడు మారుతుంది. అప్పుడు బ్యాగు, చెప్పులు వెతుక్కోకుండా గట్టెక్కాలి. 2021 నవంబరులో ఈ కొండల మీద కురిసిన వానకు తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారే దెబ్బతిని, మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. రాతి మెట్ల దారికే ఆ గతి పట్టించిన నీరు మనిషిని లెక్కచేస్తుందా? బోర్డు మీద 'ప్రమాదం' అన్న ఒక్క మాట రాస్తే ఇవి తెలియవు. పక్కన నిలబడి చెప్పే మనిషి కావాలి.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల సంగతి 2025లో దేశమంతా చూసింది. చెట్లు కొట్టడానికి బుల్‌డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపమంది. భూమి ఎవరిదన్న వివాదం జోలికి నేను పోను. కానీ అక్కడ నెమళ్లున్నాయి, చుక్కల దుప్పులున్నాయి, నక్షత్ర తాబేళ్లున్నాయి అని ఫొటోలతో సహా ముందుకొచ్చిన వాళ్లలో ఆ క్యాంపస్ విద్యార్థులు ముందున్నారు. తీరిక వేళల్లో ఆ పొదల్లో, ఆ బండల మధ్య తిరిగిన పిల్లలు కాబట్టే వాళ్లకు తెలిసింది. మా శేషాచలానికి అలాంటి వాళ్లు ఎంతమంది ఉన్నారు? రేపు ఈ కొండకు ఏదైనా వస్తే మాట్లాడేవాళ్లు ఎవరు?

అందుకని అటవీ శాఖ అధికారులకూ, ఇక్కడి విశ్వవిద్యాలయాల రిజిస్ట్రార్లకూ మీ పత్రిక ద్వారా నా విన్నపం. ఒకే బల్ల దగ్గర కూర్చోండి. మామండూరు, తలకోన, శ్రీవారి మెట్టు వైపు ఒక్కో దారి ఎంచుకోండి. దారి పొడుగు, లోపలికి వెళ్లే వేళ, బయటికి రావాల్సిన వేళ నిర్ణయించండి. విద్యార్థి గుర్తింపు కార్డు చూపిస్తే, వాచరు వెంట ఉంటే, పుస్తకంలో పేరు రాసి పంపండి. వాన జోరుగా ఉన్న రోజుల్లో, ఫిబ్రవరి మధ్య నుంచి నిప్పు కాలమంతా మూసేయండి. అమ్మాయిల బృందాలకు మహిళా బీట్ ఆఫీసర్లను పంపండి, ఇప్పుడు శాఖలో చాలామంది ఉన్నారు. వానలు తగ్గాక మొదలుపెడితే నిప్పు కాలం లోపు కొన్ని నెలలు చేతిలో ఉంటాయి. ఆ నెలల్లో ఎలా నడిచిందో చూసి, మిగతా దారుల సంగతి తేల్చుకోవచ్చు.

నాకింకా మోకాళ్లు బాగానే ఉన్నాయి. నాతో పనిచేసి రిటైరైన వాచర్లు ఇద్దరు ముగ్గురు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. పిలిస్తే ఆదివారాలు మేం వస్తాం. నాకు జీతం అక్కర్లేదు. వాళ్లకు మాత్రం కూలి ఇప్పించాలి.

ఇట్లు,
విశ్రాంత అటవీ సెక్షన్ ఆఫీసరు,
చంద్రగిరి, తిరుపతి జిల్లా.